జల్లిలంక మీద ఒక్క చుట్టు

విమానం లేని రోజు: 1

ఈ పుస్తకం చదివే రవాణా శాఖ గుమాస్తా గారికి నమస్కారం.

విమానం పోయిన యజమాని ఇరవై ఒక్క రోజుల్లో మరో విమానం కొనాలనీ, కొనేదాకా రోజూ ఏం చేసిందీ ఇందులో రాయాలనీ మీ నిబంధన. గడువు దాటితే చేత్తో నడిపే లైసెన్సు రద్దు. ఆ లైసెన్సు ఇప్పుడు కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదు కాబట్టి, పోతే పోయినట్టే. ముప్ఫై నాలుగేళ్ళుగా లంకల మీద ఎగురుతున్న మనిషి రోజూ ఏం చేస్తుందో తెలుసుకోవాలన్న మీ ఆసక్తికి చాలా సంతోషం. ఈ ఉదయం పళ్ళు తోముకున్నాను.

తర్వాత మీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నా విమానం రెక్క లోపలి దూలం దగ్గర చిన్న అద్దం పెట్టి చూశారు. ఉప్పుగాలికి తుప్పుపట్టి బీట ఇచ్చిందన్నారు. "మేడం, ఇంకొక్కసారి ఎగిరిందంటే మీరో చోట దిగుతారు, రెక్క ఇంకో చోట దిగుద్దండి" అన్నారు. ఆ బీటను నేను పది నెలలుగా రోజూ చూస్తున్నానని ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోండి.

నా పేరు మంగాయమ్మ. వయసు అరవై రెండు. ఊరు జల్లిలంక. అమలాపురం మందుల డిపో నుంచి తొమ్మిది లంకలకు మందులు చేరవేయడం నా పని. వాటిలో ఎనిమిదింటికి తమంతట తామే ఎగిరే కొత్త విమానాలు వెళ్ళగలవు. తొమ్మిదోది కాకులంక. అక్కడ విమానం దిగే స్ట్రిప్పు నూట అరవై మీటర్లు. ఒక చివర రొయ్యల చెరువు, రెండో చివర సముద్రం. కొత్త విమానాన్ని అక్కడికి పంపితే "ఈ గమ్యం మా గౌరవనీయ వినియోగదారుల భద్రతకు అనువుగా లేదు" అని ఎంతో మర్యాదగా చెప్పి వెనక్కి వచ్చేస్తుంది.

కాకులంకలో మా తోడికోడలు అమ్మాజీ ఉంటుంది. అన్నదమ్ములిద్దరూ పోయారు, మేమిద్దరం మిగిలాం. దానికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. కడుపులోకి ద్రవం ఎక్కించి తీసే డయాలసిస్ ఇంట్లోనే చేసుకుంటుంది. ఎనిమిది రోజులకు సరిపడా ద్రవం సంచులు డెబ్భై కిలోలు తూగుతాయి. డ్రోన్లు ఐదు కిలోలకే మూలుగుతాయి. పడవలో పంపుదామంటే కాలువల నిండా గుర్రపుడెక్క. అందుకని మూడేళ్ళుగా నేనే తీసుకెళ్ళి ఇస్తున్నాను. చివరిసారి నిన్ననే ఇచ్చాను. అత్యవసరానికి దాచుకున్నవి కూడా కలుపుకుంటే పన్నెండు రోజులు గడుస్తాయి.

అమ్మాజీకీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు. మీరు అడగలేదు, అయినా రాశాను.

విమానం లేని రోజు: 2

రావులపాలెం వెళ్ళాను, పాత విమానాల సంతకు. అది ఏసుబాబు అనే బ్రోకరుది. వరి చేలు మునిగిపోయాక మిగిలిన మెరక మీద నలభై విమానాలు వరసగా కట్టేసి ఉంటాయి. పాత విమానం కొనడం నాకిది ఐదోసారి. మొదటిసారి రంగు చూశాను. రెండోసారి ఇంజను చూశాను. మూడోసారి నుంచి బ్రోకరు మొహం చూస్తున్నాను.

"రండి రండి మంగాయమ్మ గారూ! మీలాంటోళ్ళు కొంటేనే మాకు గౌరవవండి" అన్నాడు.

ఏసుబాబు దగ్గర ఉన్న ప్రతి విమానం గతంలో కాకినాడలో ఒక లెక్చరరు గారిది. ఆయన దాన్ని ఆదివారాలు అన్నవరం వెళ్ళి రావడానికి తప్ప బయటికి తీయలేదు. నా లెక్క ప్రకారం ఆ లెక్చరరు గారు ఇప్పటికి పదిహేడు విమానాలు వాడారు. ఆదివారాలు ఎలా సరిపోయాయో తెలియదు.

అసలు కష్టం ఇంజను దగ్గర కాదు, బుర్ర దగ్గర. మీకు తెలిసిందే అయినా, కుర్చీలో తప్ప దేనిలోనూ కూర్చోని మనిషి అయి ఉండవచ్చు కాబట్టి చెబుతున్నాను. మొదటి వెయ్యి గంటలూ విమానం బుర్ర యజమాని చేతిని చూసి నేర్చుకుంటుంది. ఆ తర్వాత ముదిరిపోతుంది, ఇక మారదు. ఎగరడం, దిగడం మన చేతిలో ఉంటాయి, బుర్ర సాయం పడుతుంది. మధ్యలో గాలిలో ఉన్నంతసేపూ దానిష్టం. అమ్మేటప్పుడు పాత యజమాని పేరు తుడిచేస్తారు గానీ అలవాట్లు తుడవలేరు. తుడిస్తే విమానం దిగడం కూడా మర్చిపోతుంది.

అంటే మనం కొనేది వేరే మనిషి బుద్ధిని. లంకల మీద ముదిరిన బుర్ర అయితేనే కాకులంకలో దిగుతుంది. అలాంటివి నలభైలో నాలుగున్నాయి.

విమానం లేని రోజు: 4

మొదటిది చూశాను. లోపల కొత్త తివాచీ. తివాచీ లేపితే తుప్పు. ఏసుబాబు నాకంటే ఎక్కువగా ఆశ్చర్యపోయాడు.

"అయ్యబాబోయ్, ఇదెప్పుడు వచ్చిందండీ?"

"లెక్చరరు గారు అన్నవరం నుంచి ప్రసాదంతో పాటు తెచ్చుంటారు" అన్నాను.

అయినా బుర్ర మంచిదేమోనని ఎక్కి కూర్చున్నాను. మీట నొక్కితే ప్రొపెల్లరు కదలదు. గంటన్నర కూర్చున్నాం. సరిగ్గా పన్నెండుకు దానంతటదే తిరిగింది. పాత యజమాని రాహుకాలంలో ఎన్నడూ బయల్దేరేవాడు కాదట. మందులు తీసుకెళ్ళే విమానానికి ముహూర్తం పెట్టించే ఓపిక నాకు లేదు.

విమానం లేని రోజు: 6

రెండోది ఎర్రది, అందమైనది. రివెట్లు బిగువుగా ఉన్నాయి. నూనెలో అయస్కాంతం తిప్పి చూశాను, ఇనుపరజను అంటలేదు. ఇంజను మా అత్తగారి గొంతులా ఎక్కడా తొణకకుండా పలికింది. ఆశ పుట్టింది. ఆశ పుట్టినప్పుడే జాగ్రత్తగా ఉండాలని ఐదోసారి కొనేవాళ్ళకు తెలుసు.

పి.గన్నవరం దగ్గర కింద పదిమంది కనబడ్డారు. విమానం నన్నడక్కుండా కిందికి దిగి, వాళ్ళ మీదుగా రెక్కలు ఊపుతూ వెళ్ళింది. కొంచెం ముందు ఇంకో గుంపు. మళ్ళీ దిగింది, మళ్ళీ ఊపింది. రెండో గుంపు మోస్తున్నది పాడె. పైనుంచి ఎర్ర విమానం ఉత్సాహంగా రెక్కలూపుతుంటే వాళ్ళు తలెత్తి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"పాత ఓనరు మూడు సార్లు ఎలక్షన్లో నిలబడ్డారండి" అన్నాడు ఏసుబాబు, ఇంక దాచలేక.

"గెలిచాడా?"

"లేదండి."

విమానం లేని రోజు: 7

మూడోదాని ఎగిరిన గంటల పుస్తకం చూశాను. ఆరేళ్ళ రాతలు, అన్నీ ఒకే సిరా, ఒకే కలం, ఒకే రోజు కూర్చుని రాసిన దస్తూరి. ఎక్కను కూడా ఎక్కలేదు. నేనూ ఈ పుస్తకంలో నిన్నటి విషయం ఇవాళ రాస్తున్నాననుకోండి, అది వేరు.

విమానం లేని రోజు: 9

డిపో వాళ్ళు నాకోసం ఆగకుండా సంచులను పడవలో పంపారు. ఇరవై గంటల ప్రయాణం. గుర్రపుడెక్కలో ఇరుక్కున్నప్పుడల్లా పడవవాళ్ళు మెత్తగా ఉన్నాయని ఆ సంచుల మీద కూర్చున్నారు. సగం పగిలిపోయాయి. మిగిలినవి అమ్మాజీకి నాలుగు రోజులకు వస్తాయి. అంటే పదహారో రోజు సాయంత్రం దాకా.

డిపో ఇన్‌చార్జి నఫీసా నన్ను పిలిచి కూర్చోబెట్టింది. "ఆంటీ, ఇంకో తొమ్మిది రోజులకి మెడికల్ లాంచీ వస్తుంది. అప్పటికి మీకు విమానం లేకపోతే అమ్మాజీ గారిని రాజమండ్రి కిడ్నీ వార్డుకి మార్చేస్తారు. ఇంక అక్కడే ఉండాలి" అంది.

"మరి ఆవిడ ఏమంది?"

"ఇల్లు కూడా లాంచీలో పడుతుందంటే వస్తానన్నారు."

అదీ అమ్మాజీ అంటే. ఆ వార్డు నేను చూశాను. వరసగా మంచాలు, కిటికీలకు తెరలు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి లంకకు రాలేదు.

మాటలు ఎందుకు లేవని మీరు అనుకుంటూ ఉంటారు. పదకొండేళ్ళ క్రితం ఒక అన్నప్రాసనలో, నలభైమంది విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, అమ్మాజీ నా దగ్గరికొచ్చి "అక్కా, నాకూ విమానం నేర్పవూ?" అని అడిగింది. "పప్పు మాడకుండా దించడం రాదు, విమానం దించుతావా?" అన్నాను. నలభైమందీ నవ్వారు. నేను మంచి మాటకారినని నాకు పేరు. ఆ పేరు ఆ రోజు ఇంకాస్త పెరిగింది.

అప్పటినుంచి అది నాతో మాట్లాడలేదు, నేనూ దానితో మాట్లాడలేదు. ఈ మూడేళ్ళూ సంచులు దించేటప్పుడు ఇద్దరం మధ్యలో ఉన్న తోపుడుబండికి చెబుతాం. "ఈసారి రెండు సంచులు తడిశాయమ్మా" అని నేను బండికి చెబుతాను. "తడవక ఏం చేత్తాయి, తెచ్చేవాళ్ళకి శ్రద్ధుంటే కదా" అని అది బండితో అంటుంది. ఆ బండికి మా ఇద్దరి సంగతీ పూర్తిగా తెలుసు.

విమానం లేని రోజు: 11

నాలుగోది. తెల్లది, చిన్నది, మూల నిలబెట్టి ఉంది. ఏసుబాబు దాని మీద దుప్పటి కప్పి ఉంచాడు. బ్రోకరు దాచిన విమానం రెండు రకాలుగా ఉంటుంది: మరీ చెడ్డది, లేదా వేరే ఎవరికో మాటిచ్చినది. ఇది మొదటి రకమని చెప్పాడు.

"రిజిస్టర్లో రెండు నల్ల మచ్చలున్నాయండి. 'ఇళ్ల మీద అనవసరంగా తిరగడం' అని. ఎవరో మహానుభావులు ఫిర్యాదు ఎట్టారు. మూడోది పడితే లైసెన్సు గల్లంతేనండి. అందుకే ఎవరూ కొనట్లేదు."

చేతి గోరుతో తలుపు సందులో గీరి చూశాను. తెలుపు కింద పసుపు.

ఇక్కడ మీకొక పాత సంగతి చెప్పాలి. మీ రికార్డుల్లో ఉంటుంది, వెతుక్కోండి. తొమ్మిదేళ్ళ క్రితం మొదలై ఆరేళ్ళ పాటు, రోజూ సాయంత్రం ఐదింటికి ఒక పసుపు విమానం నా ఇంటి మీదుగా వచ్చి, ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయేది. వాన పడ్డా, గాలి వీచినా వచ్చేది. నా మందుల కాంట్రాక్టు మీద కన్నేసిన ఎవడో నిఘా పెట్టాడనుకున్నాను. రెండుసార్లు ఫిర్యాదు చేసి రెండు మచ్చలు వేయించాను. ఒకసారి పెరట్లోకి వచ్చి చీపురు కూడా చూపించాను. మూడేళ్ళ క్రితం రావడం మానేసింది. నా దెబ్బకు భయపడ్డాడని డిపోలో అందరికీ చెప్పుకున్నాను.

ఆ విమానమే ఇది అయితే? పరీక్షించడానికి ఎక్కాను. సీటు బాగా ముందుకు జరిపి ఉంది. అంటే పొట్టివాడు. గాల్లో మెల్లగా, జాగ్రత్తగా, ప్రతి మలుపుకూ ముందు ఆలోచించుకుని వెళుతుంది. అంటే పిరికివాడు. జల్లిలంక రాగానే నన్నడక్కుండా ఎడమవైపు వంగి, నా ఇంటి మీద ఒక చుట్టు తిరిగింది. తెర మీద "చూస్తున్నాను" అని వచ్చింది. ఒక నిమిషం తర్వాత "ఉంది" అని వచ్చింది. చుట్టు ఆపి తిన్నగా సముద్రం వైపు పోయింది.

నా ఆనందం చెప్పలేను. ఆరేళ్ళు నా నెత్తిమీద తిరిగినవాడి విమానం నా చేతికి చిక్కింది. పైగా కాకులంక స్ట్రిప్పు మీద నేను మీట పట్టుకుంటే, అలవాటున్నట్టు నూట ముప్ఫై మీటర్లలో దిగి చూపించింది. దొంగవెధవ, అక్కడికి కూడా వచ్చి రిహార్సలు చేసుకున్నాడన్నమాట. సంచులు లేవు కాబట్టి ఎవరినీ పిలవకుండా వెంటనే లేచాను. అమ్మాజీ ఇంటి తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు కనిపించింది.

విమానం లేని రోజు: 14

కొన్నాను. ఆ రెండు మచ్చలూ చూపించి ధర బాగా తగ్గించాను. ఆ మచ్చలు నేను వేయించినవే అని ఏసుబాబుకు చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఒక ఫిర్యాదు వల్ల నాకు లాభం కలిగింది, మీ శాఖకు అభినందనలు.

కొత్తది ఇచ్చి పాతది పట్టుకుపోవడం ఏసుబాబు పద్ధతి. నా ముసలి విమానాన్ని తాడుకు కట్టి, ఇంటి పక్కన ఎదర తెరిచి ఉండే పాకలోంచి ఈడ్చుకుంటూ పడవ మీదికి ఎక్కించారు. ఇరవై రెండేళ్ళు తోడున్న విమానం. ఖాళీ పాకలో నూనె మరక మాత్రం మిగిలింది. ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

తనిఖీ, కాగితాలు మూడు రోజులు పడతాయన్నారు. మీ కార్యాలయంలో ఏ పనికైనా మూడు రోజులే, అది మెచ్చుకోవాలి. అన్నం తినడానికి కూడా మూడు రోజులు తీసుకుంటారేమో తెలియదు.

విమానం ఉన్న రోజు: 1

మీ లెక్కలో పదిహేడో రోజు. కొన్నాక రాయనక్కర్లేదు, అయినా రాస్తున్నాను. అమ్మాజీ దగ్గర సంచులు నిన్న సాయంత్రంతో అయిపోయాయి. రేపు లాంచీ వస్తుంది. పొద్దున్న తొమ్మిదికి కాగితాలు వచ్చాయి, పదింటికి డెబ్భై కిలోలు ఎక్కించుకుని అమలాపురంలో లేచాను. బ్యాటరీ అరవై ఎనిమిది శాతం. కాకులంకకు పదిహేను చాలు.

జల్లిలంక వచ్చింది. విమానం ఎడమవైపు వంగింది. సరే, ఒక చుట్టే కదా, పాత రోగం, తిరగనీ అనుకున్నాను. తెర మీద "చూస్తున్నాను."

ఒక చుట్టు అయింది. రెండోది మొదలైంది. "చూస్తున్నాను."

మూడు. నాలుగు. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవంలో నేర్చుకున్న ప్రతి మీటా నొక్కాను. గాల్లో ఉన్నంతసేపూ దానిష్టమని రెండో రోజున మీకు పాఠం చెప్పాను కదా, ఆ పాఠం ఇప్పుడు నాకే అప్పజెప్పింది. తిట్టాను. బతిమాలాను. నా పాక మీదికి ఇంకా కిందికి దిగి, ఇంకా మెల్లగా తిరిగింది. "చూస్తున్నాను. చూస్తున్నాను."

పది చుట్లయ్యేసరికి బ్యాటరీ ముప్ఫై ఐదు. ఇరవైకి పడితే బుర్ర చట్ట ప్రకారం వెనక్కి తిప్పి అమలాపురంలో దింపేస్తుంది. మళ్ళీ చార్జింగు, మళ్ళీ మీ అనుమతి, రేపటి లాంచీ. వెనక సీట్లో డెబ్భై కిలోలు, కళ్ళ ముందు నా సొంత ఇంటి పెంకులు. నాకు భయమేసింది. నా ప్రాణం కోసం కాదు, అది రాసుకోండి.

అప్పుడు రేడియో పలికింది. అమ్మాజీ. మేమిద్దరం రేడియోలో ఎప్పుడూ ఆఫీసు భాషే మాట్లాడతాం.

"కాకులంక స్ట్రిప్పు నుండి విమానం వారికి. సామాను ఆలస్యానికి కారణం తెలుపగలరు."

"విమానం వారి బుర్ర చెడింది" అన్నాను. "జల్లిలంక మీద ఆగకుండా తిరుగుతోంది. ఏ దరిద్రుడో నేర్పిన అలవాటు."



"ఎన్ని రౌండ్లు?"

"పదకొండు."

"తెల్ల బండా? రొయ్యల చెరువు మీంచి మొన్న వచ్చి దిగింది, అదేనా?"

"అదే."

"పాకలో నీ పాత బండి లేదా?"

'నీ' అంది. పదకొండేళ్ళ తర్వాత. నాకు దాన్ని గమనించడానికి కూడా తీరిక లేదు. "లేదు. ఏసుబాబు పట్టుకుపోయాడు."

"అయితే అది కదలదు. నీ బండి పాకలో కనబడితేనే అది కదులుద్ది. కనబడకపోతే కనబడేదాకా చూడమని నేనే నేర్పాను."

గాలి బాగానే ఉంది, విమానం తిన్నగానే ఉంది. నేను మాత్రం మీట వదిలేసి రేడియోను రెండు చేతులా పట్టుకున్నాను.

"నువ్వా? నువ్వు విమానం..."

"కాకినాడలో నేర్చుకున్నాను. నువ్వు నేర్పనన్నావుగా. బావగారు పోయాక నువ్వు తుఫాన్లని కూడా చూడకుండా ఒక్కదానివే తిరిగేదానివి. వచ్చావో లేదో ఎవరినడగను? మాటల్లేవాయె. అందుకని సాయంకాలం ఒకసారి వచ్చి పాకలో బండి ఉందో లేదో చూసుకుని ఎల్లిపోయేదాన్ని. నువ్వు మందులకి ఇటొచ్చినప్పుడు నా బండిని రొయ్యల షెడ్డులో దాచేదాన్ని. నువ్వు రెండు మచ్చలేయించావు. చీపురు కూడా సూపించావు."

"బ్యాటరీ ముప్ఫై" అని మాత్రం అన్నాను.   మాటకారినని నాకు పేరు.

"అక్కా, రేడియో సౌండు పెంచు. పూర్తిగా పెంచు."

పెంచాను.

"ఒసేయ్ చిట్టీ" అంది అమ్మాజీ, నాతో కాదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కంగారు పడకే. వచ్చేసింది ఆవిడ. నీ కడుపులోనే కూకుంది. ఇంక పద, నా దగ్గరికి వచ్చెయ్."

విమానం అరచుట్టు దగ్గర ఆగినట్టయింది. తెర మీద "చూస్తున్నాను" చెరిగిపోయింది. చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత "సరే" అని వచ్చింది. సముద్రం వైపు తిరిగింది.

దిగేటప్పుడు చేతులు నావి కావాలి. నేను మీట మీద చెయ్యి వెయ్యలేదు. అదే దిగింది, నూట పాతిక మీటర్లలో. మొన్న నేను దింపినదానికంటే ఐదు మీటర్లు తక్కువ.

అమ్మాజీ తోపుడుబండితో నిలబడి ఉంది. మొహం వాచి ఉంది, పొద్దుటి నుంచి డయాలసిస్ లేదు కదా. సంచులు దించి, ఇంట్లోకి తీసుకెళ్ళి, ట్యూబు కలిపేదాకా ఇద్దరం బండితో కూడా మాట్లాడలేదు. ద్రవం దిగడం మొదలయ్యాక మంచం పక్కన కూర్చున్నాను.

"మరి ఎందుకమ్మేశావు?" అని అడిగాను.

"కిడ్నీలు పోతే మెడికల్ సర్టిఫికెట్టు ఇవ్వరు. రెండు మచ్చలు కూడా ఉన్నాయాయె." నవ్వింది. "ఏసుబాబుతో చెప్పాను, కాకినాడ లెక్చరరు గారిదని సెప్పమని. బాగా సెప్పాడా?"

"అమ్మాజీ" అన్నాను. "నాకు సిగ్గుగా ఉంది."

"ఉండాలి మరి" అంది. దిండు సర్దుకుని, "దించుతానా లేదా, ఇంతకీ?" అని అడిగింది.

"దించావు. నాకంటే బాగా దించావు."

"పప్పు మటుకు ఇప్పటికీ మాడుద్ది" అంది. ఇద్దరం నవ్వాం. అది నవ్వుతుంటే ట్యూబు ఊగింది, ఊగకుండా నేను పట్టుకున్నాను.

విమానం ఉన్న రోజు: 2

లాంచీ వచ్చి, సంచులు చూసి, వెనక్కి వెళ్ళింది. అమ్మాజీ గట్టున నిలబడి చెయ్యి ఊపిందట.

పొద్దున్నే వస్తుంటే జల్లిలంక మీద అమ్మాజీ రేడియోలో విమానానికి మళ్ళీ నచ్చజెప్పింది. రావులపాలెం వెళ్ళి నా పాత విమానం తిరిగి ఇమ్మన్నాను. ఏసుబాబు అప్పటికే ఒక రెక్క కోసేశాడు.

"ఎగరదు, తోలలేరు, ఇంక దేనికండీ మీకు?" అన్నాడు.

"కొత్తదానికి చూపించడానికి" అన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు. పాత విమానాలతో ఎక్కువ కాలం గడిపినవాళ్ళకు ఇలాంటివి వస్తాయని అతనికి తెలుసు.

పాకలో నిలబెట్టాం. లేని రెక్క వైపు ఒక తాటి దూలం ఆనించి గోనెపట్టా కప్పాను.

విమానం ఉన్న రోజు: 5

మీ శాఖకు రెండు అర్జీలు పెట్టాను. ఒకటి, పనికిరాని విమానాన్ని పాకలో ఉంచుకోవడానికి. కారణం అన్నచోట "రోజూ ఒకరికి కనబడాలి" అని రాశాను. రెండోది, నేను గతంలో చేసిన రెండు ఫిర్యాదులూ వెనక్కి తీసుకుని మచ్చలు చెరిపేయమని.

విమానం ఉన్న రోజు: 8

సమాధానం వచ్చింది, సరిగ్గా మూడు రోజుల్లో. మొదటిదాని మీద "పరిశీలనలో ఉంది." రెండోదాని మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది: "ఫిర్యాదు చేసినవారూ, సదరు విమానం ప్రస్తుత యజమానీ ఒక్కరే అయినందున ఈ విషయం మీలో మీరే పరిష్కరించుకోగలరు."

గుమాస్తా గారూ, ఈ మాట మీరే రాసి ఉంటే, ఇన్ని రోజులూ మిమ్మల్ని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. కుర్చీ మాట మాత్రం ఉంచుతాను.

ఇవాళ కాకులంక నుంచి తిరిగి వస్తుంటే సాయంత్రం ఐదయింది. విమానం నా ఇంటి మీద ఎడమకు వంగింది. "చూస్తున్నాను" అంది. ఒక్క చుట్టు. పాకలో ఒంటిరెక్క ముసలిది, గోనెపట్టా కప్పుకుని కూర్చుని ఉంది. తెర మీద "ఉంది" అని వచ్చి, కొంచెం ఆగి, "బాగాలేదు" అని కూడా వచ్చింది.

రేడియోలో అమ్మాజీ అడిగింది.

"అక్కా, చూసిందా?"

"చూసింది."

"ఏవంది?"

"ఉందంది" అన్నాను. రెండో మాట చెబితే అమ్మాజీ ఇవాళ రాత్రి నిద్రపోదు.